'గో టు హోమ్' ఎందుకు తప్పు?

ప్రశ్న: మావాడు ఎనిమిదో తరగతి. "ఐ వెంట్ టు హోమ్" అని రాస్తే టీచరు 'టు' కొట్టేశారు. "ఐ వెంట్ టు స్కూల్" మాత్రం రైటట. బడికైనా ఇంటికైనా వెళ్ళడం వెళ్ళడమే కదా! హోమ్ నామవాచకం కాదా అని వాడు నా ప్రాణం తీస్తున్నాడు. కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

జవాబు: టీచరుగారు కొట్టేసింది సబబే. హోమ్ నామవాచకమే గానీ, ఆ వాక్యంలో కాదు. మంచి ఇంగ్లీషు నిఘంటువు ఏది తీసినా హోమ్ దగ్గర నామవాచకం, విశేషణం, క్రియ, క్రియావిశేషణం నాలుగూ కనిపిస్తాయి. "మై హోమ్ ఈజ్ ఇన్ తెనాలి" అన్నప్పుడు నామవాచకం. 'హోమ్ టీమ్'లో విశేషణం చేసే పని చేస్తుంది. "ఐ వెంట్ హోమ్"లో మాత్రం ఎటు వెళ్ళాడో చెబుతూ క్రియకి అంటుకుని ఉంది, కాబట్టి క్రియావిశేషణం. 'టు' లాంటి ప్రిపొజిషన్ తన తర్వాత నామవాచకమో సర్వనామమో కోరుతుంది. ఇక్కడ దానికి పనే లేదు.

పిల్లాడికి నిర్వచనాలు బట్టీ పట్టించకండి. హోమ్ తీసేసి అక్కడ 'దేర్' పెట్టి చూడమనండి. "ఐ వెంట్ దేర్" చక్కగా కుదిరింది. "మై దేర్ ఈజ్ ఇన్ తెనాలి" అంటే వాడే నవ్వుతాడు. దేర్ ఇమిడిన చోట హోమ్ క్రియావిశేషణం, అంతే. "ఐ వెంట్ టు మై హోమ్" అని రాస్తే మళ్ళీ 'టు' కావాల్సిందే. ముందు 'మై' వచ్చిందంటే ఆ హోమ్ నామవాచకమే.

మనకి ఈ పొరపాటు ఎందుకొస్తుందంటే, తెలుగులో ఇంటికి అన్నట్టే అక్కడికి, ఇక్కడికి, పైకి, బయటికి అన్నీ 'కి'తోనే నడుస్తాయి. ఆ 'కి'ని ఇంగ్లీషులోకి మోసుకుపోతే "కమ్ టు హియర్", "గో టు అబ్రాడ్" తయారవుతాయి. అబ్రాడ్, అప్‌స్టెయిర్స్ కూడా హోమ్ బాపతే, ముందు 'టు' పెట్టకూడదు.

ఇంకొకరు: అన్నిటికీ 'కి' ఎక్కడుందండీ? "గుంటూరు వెళ్తున్నా" అంటాం. మా దిక్కు "పట్నం పోతున్న" అంటరు. ఊళ్ళ పేర్లకి 'కి' లేకపోయినా నడుస్తది. ఇల్లుకి మాత్రం "ఇల్లు పోతున్న" అనలేం, ఇంటికి అనాల్సిందే. ఇంగ్లీషువాళ్ళది సరిగ్గా ఉల్టా!

జవాబు: బాగా పట్టారు. ఇంగ్లీషులో ఇంటికి మినహాయింపు, తెలుగులో ఊరికి మినహాయింపు. లాటిన్‌లో అయితే రెండిటికీ. ఇంటికి వెళ్ళాలంటే 'దోముమ్', రోముకి వెళ్ళాలంటే 'రోమామ్'. ఉత్త ద్వితీయా విభక్తి (మన ని, ను లాంటిది) చాలు, ప్రిపొజిషన్ అక్కర్లేదు. ఇటలీ లాంటి దేశం పేరైతే మాత్రం ముందు 'ఇన్' పెట్టాలి. సంస్కృతంలో ఊరికి వెళ్తాడనడానికి 'గ్రామం గచ్ఛతి' (ద్వితీయ), 'గ్రామాయ గచ్ఛతి' (చతుర్థి) రెండూ సాధువులే. గత్యర్థక ధాతువులకి, అంటే వెళ్ళడం అనే అర్థమున్న క్రియలకి, ద్వితీయ, చతుర్థి రెండూ రావచ్చని పాణిని సూత్రమే ఉంది. పాత ఇంగ్లీషుకీ విభక్తులుండేవి. అప్పటి 'హామ్' అనే ద్వితీయా రూపమే ఈనాటి 'గో హోమ్'లో మిగిలింది. నామవాచకాల విభక్తి ప్రత్యయాలు చాలామటుకు రాలిపోయాక వేరే మాటలకి 'టు' అండ కావాల్సి వచ్చింది. ఇది మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది. (మన బడి పుస్తకాల్లో కి, కులు చతుర్థిలో కాకుండా షష్ఠిలో ఎందుకు చేరాయన్నది ఇంకో పెద్ద రగడ. ఇక్కడ ఎత్తకండి, రాత్రంతా తెగదు.)

మరొకరు: మా ఆఫీసులో అందరూ "రీచ్డ్ టు హోమ్" అని మెసేజ్ పెడతారు. అదీ ఈ తప్పేనా?

జవాబు: తప్పే గానీ, కారణం వేరు. రీచ్ సకర్మక క్రియ, కర్మని నేరుగా పట్టుకుంటుంది. "రీచ్డ్ హైదరాబాద్", "రీచ్డ్ ద స్టేషన్" అన్నా 'టు' రాదు. అక్కడ నేరం హోమ్‌ది కాదు, క్రియది. హోమ్ సంగతి తేలాలంటే 'అరైవ్' పెట్టి చూడండి. "అరైవ్డ్ ఎట్ ద స్టేషన్", కానీ "అరైవ్డ్ హోమ్". 'ఎట్' మాయమైంది చూశారా?

మొదట అడిగినవారు: చాలా థ్యాంక్సండీ, వాడికి దేర్ కిటుకు వెంటనే ఎక్కింది. ఎక్కిన మరుక్షణం ఇంకోటి అడిగాడు. స్కూల్ నామవాచకమే కదా, మరి "టు స్కూల్"లో 'ద' ఎందుకు లేదట?

జవాబు: చదువుకోడానికి వాడు వెళ్తే "టు స్కూల్". వాడి ఫీజు కట్టడానికి మీరు వెళ్తే "టు ద స్కూల్". మొదటిది ఆ చోటు ఉన్న పని కోసం వెళ్ళడం, రెండోది ఆ భవనం దాకా వెళ్ళడం. జైలుకీ ఇదే లెక్క. శిక్ష పడినవాడు "ఇన్ ప్రిజన్", వాణ్ణి చూడ్డానికి వెళ్ళినవాడు "ఎట్ ద ప్రిజన్". హాస్పిటల్ దగ్గర మాత్రం బ్రిటిష్‌వాళ్ళు రోగికి "ఇన్ హాస్పిటల్" అంటే, అమెరికావాళ్ళు "ఇన్ ద హాస్పిటల్" అంటారు.