సమస్య: చల్లనైనది యెఱ్ఱని చాయ మంట

నిర్వాహకులు: మంట చల్లన ఎలా అవుతుందని కన్ను ఎదురు తిరుగుతుంది. అందుకే ఈ పాదం నచ్చింది. నక్షత్రాల రంగులకు మనుషుల రంగులను ముడిపెట్టి పూరించండి.

గగనవిహారి:
నీలి చుక్కలో వేఁడిమి నిండియుండు
నార్ద్ర కంతటి తాపమే యబ్బలేదు
కంటి కెఱ్ఱగఁ దోఁచినఁ గాదు వేఁడి
చల్లనైనది యెఱ్ఱని చాయ మంట

ఛందోమిత్ర: నడక బాగుంది, గగనవిహారి గారూ. కానీ ఇందులో మనిషి ఏడి? ఎర్ర చుక్క ఆర్ద్ర ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 3,500 కెల్విన్లు, సూర్యుడిది 5,772, నీలి చుక్క రైజెల్‌ది దాదాపు 12,000. ఆ లెక్క పద్యమైంది, అంతే. వెన్నెల సమస్యలోనూ మీరు చంద్రకాంతికి కారణం చెప్పి, విరహిణిని మరిచారు.

వానకోయిల:
మేని రంగులు పలువిధమైన నేమి
చుక్క లన్నిట నుదజనే సొమ్ము గాదె
యెఱ్ఱ నల్లల తేడాల నెంచ నేల
చల్లనైనది యెఱ్ఱని చాయ మంట

ఛందోమిత్ర: మే–మై యతి చెల్లదు. ‘మేని వన్నెలు వేఱైన మిత్రులార’ అంటే సరిపోతుంది. అయినా మూడో పాదం నుంచి సమస్యకు దారి లేదు.

గగనవిహారి: యతి దగ్గరే ఆగిపోయి రెండో పాదాన్ని దాటేశారు, ఛందోమిత్ర గారూ. చుక్కల కాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే వర్ణపటాల్లో గీతలు ఒకదానికీ మరొకదానికీ ఎంతో తేడాగా ఉంటాయి. వేడికి పరమాణువులు ఎంత మేర ఎలక్ట్రాన్లు కోల్పోతాయో చెప్పే సమీకరణాన్ని భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చారు. దాన్ని ఆధారం చేసుకుని ఖగోళ శాస్త్రవేత్త సిసీలియా పేన్ 1925లో లెక్కగట్టింది: ఆ తేడా చాలావరకు వేడిమి వల్లే, సరుకు దాదాపు ఒక్కటే, అందులో అత్యధికం ఉదజని, అంటే హైడ్రోజన్. ఒంటి రంగు చూసి మనిషి ధాతువే వేరనుకునేవారికి ఇంతకన్న సూటి జవాబేముంది? వెన్నెల పూరణలో నేను కారణం చెప్పిందీ ఇందుకే. కారణం తెలిస్తే అందం తగ్గదు.

వానకోయిల: దారి వేశాను, చూడండి.
వన్నెఁ జూచియె గుణమును వాకొనఁ దగ
దెఱుపు గనినంతఁ గోపమం చెంచ నేల?
జ్యేష్ఠ యెఱ్ఱగ నున్నను జెప్పెఁ గొలత
చల్లనైనది యెఱ్ఱని చాయ మంట

ఛందోమిత్ర: ‘జెప్పెఁ గొలత’! సమస్య మొత్తం కొలత నోట పలికిన మాటగా మారిపోయింది. కొలిచేదాకా తీర్పు ఆపమన్నారు. ఎరుపును మెచ్చడానికి నీలాన్ని తిట్టలేదు, అది ఇంకా నచ్చింది.

గగనవిహారి: పద్యం నాకూ నచ్చింది. అయితే జ్యేష్ఠ నక్షత్రం దగ్గర సుమారు 3,600 కెల్విన్లు. అంత వేడికి ఇనుము ఆవిరవుతుంది. అది చల్లనా?

నిర్వాహకులు: తోటి చుక్కలతో పోల్చి చెప్పిన చల్లదనం, చెల్లుతుంది. ఈ వారం మేలిపూరణ వానకోయిల గారిదే. ఛందోమిత్ర గారూ, అందరి పద్యాలూ దిద్దారు, మీ పూరణ ఇంకా రాలేదు. రేపు రాత్రి వరకు గడువుంది.