‘కెహిల్లా’ను తెలుగులో ‘సంఘం’ అనవచ్చా?

అనువాదకురాలు:
తూర్పు యూరప్ యూదుల చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ‘కెహిల్లా’ అనే హీబ్రూ మాట దగ్గర ఆగిపోయాను. ఒక ఊళ్లోని యూదులంతా తమ పెద్దల కింద, తమ పన్నులు, తమ న్యాయసభ, తమ శ్మశానంతో కలిసి బతికిన ఏర్పాటు అది. దాన్ని నడిపే పెద్దల సభ ‘కహల్’. నేను ‘సంఘం’ అని రాశాను. మా ఎడిటర్ గారు హీబ్రూ మాటే ఉంచమంటున్నారు. మీరేమంటారు?

బందరు మాస్టారు:
తెలుగు మాటే రాయమ్మా. మన బైబిల్లో ద్వితీయోపదేశకాండంలో ‘యెహోవా సమాజము’ అని చదువుతాం కదా, అక్కడ హీబ్రూలో ఉన్నది కహలే. ప్రసంగి గ్రంథానికి హీబ్రూ పేరు కోహెలెత్. అదీ ఆ ధాతువే. నూరేళ్లకు పైగా తెలుగువాళ్ల నోట్లో నానిన అర్థానికి కొత్తగా విదేశీ మాట ఎందుకు?

ఇందూరు చదువరి:
మాస్టారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. సంఘమంటే మనం ఇష్టపడి చేరేది. చందా కడతాం, పొసగకపోతే మానేస్తాం. కెహిల్లాలో పుట్టినవాడు అందులోనే ఉండాలి. దానికి పన్ను వేసే అధికారం ఉంది, వెలివేసే అధికారం ఉంది. 1656 జులై 27న ఆమ్‌స్టర్‌డామ్ కెహిల్లా తర్వాత పెద్ద తత్వవేత్తగా పేరు పొందిన 23 ఏళ్ల స్పినోజాను వెలివేసింది. ఎవరూ అతనితో మాట్లాడకూడదు, ఉత్తరం రాయకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు, అతను రాసింది చదవకూడదు. ఏ సంఘం చేస్తుందండీ ఇలా?

పోలండ్‌లో రాజుకు కావలసింది మొత్తం సొమ్ము. యూదుల మీద ఇంత అని తేలితే, దాన్ని కెహిల్లాల మధ్య పంచే పని ‘నాలుగు దేశాల సభ’ది, అంటే పోలండ్‌లోని వేర్వేరు ప్రాంతాల కెహిల్లాల పెద్దలు కలిసే సభది. లూబ్లిన్, యారొస్లావ్ సంతల్లో ఆ పెద్దలు కలిసేవాళ్లు. ఎవరింటికి ఎంత పడాలో కెహిల్లా తేల్చేది. 1764లో ప్రభుత్వం మనిషికింత అని తలపన్ను పెట్టుకోగానే ఆ సభను రద్దు చేసేసింది. అవసరం తీరింది కాబట్టి.

అన్నిటికన్నా నా గుండె కోసేది 1827 సంగతి. రష్యా చక్రవర్తి మొదటి నికొలాయ్ యూదుల నుంచీ సైనికులను పట్టడం మొదలుపెట్టి, లెక్క నింపే బాధ్యత కహళ్ల మీద వేశాడు. పన్నెండేళ్ల పిల్లలను కూడా తీసుకోవచ్చన్నాడు. ఇరవై ఐదేళ్ల కొలువు, అదీ పద్దెనిమిదో ఏడు నుంచి లెక్క. డబ్బున్నవాళ్ల పిల్లలు తప్పించుకున్నారు. అనాథలు, పేదింటి పిల్లలు పోయారు. పిల్లలను పట్టుకొచ్చే ‘ఖాపర్లు’ కహల్ జీతగాళ్లే. ‘సంఘం’ అని రాస్తే ఈ బలవంతం పాఠకుడికి కనిపించదు.

బందరు మాస్టారు:
నువ్వు చెప్పినవేవీ కాదనను బాబూ. కానీ పెద్దల దౌర్జన్యం ఒక్కటే చెప్పావు. మధ్యయుగంలో జర్మనీ, ఫ్రాన్సు కెహిల్లాల్లో ఒక ఆచారం ఉండేది. అన్యాయం జరిగిందనుకున్న మనిషి ప్రార్థన మందిరంలో లేచి, తన మొర వినేదాకా తోరా (యూదుల ధర్మగ్రంథం) పఠనం ఆపించవచ్చు. చదవడానికి గ్రంథం తెరిచి ఉంటుంది, ఊరంతా కూర్చుని ఉంటుంది, ఒక పేదవాడు వద్దంటే ఆగుతుంది. దిక్కులేని శవాన్ని కడిగి, బట్ట చుట్టి, మట్టి చేసింది కూడా కెహిల్లా మనుషులే. ఇది సంఘం కాదా?

ఇంకో భయం ఉంది నాకు. 1869లో యాకొవ్ బ్రాఫ్‌మన్ అనే మతం మారిన యూదుడు ‘కహల్ పుస్తకం’ అచ్చువేశాడు. అప్పటి రష్యా సామ్రాజ్యంలోని మిన్‌స్క్ నగరపు కహల్ పాత రికార్డులు చూపించి, యూదులు రాజ్యంలో రహస్య రాజ్యం నడుపుతున్నారన్నాడు. అప్పటికి పాతికేళ్ల కిందటే, 1844లోనే, ప్రభుత్వం కహళ్లను రద్దు చేసింది! అయినా జనం నమ్మారు. రష్యన్‌లో ‘కగల్’ అంటే ఇప్పటికీ గోల చేసే గుంపనే తిట్టు. తెలియని మాట పెడితే, దాని వెనక ఏదో దాగుందని జనానికి అనుమానం పుట్టించడం తేలిక.

విజాగ్ పాఠకుడు:
ఒక్క మాట. న్యూయార్క్‌లో కూడా ‘కెహిల్లా’ పేరుతో ఒకటి పెట్టారు. 1908లో పోలీసు కమిషనర్ బింగ్‌హమ్, నగరంలో నేరస్థుల్లో సగం మంది యూదులేనని రాసి, గొడవయ్యాక వెనక్కి తీసుకున్నాడు. ఆ వేడిలోనే జూడా మాగ్నెస్ అనే రబ్బీ (యూదు మతగురువు) నాయకత్వంలో మొదలైంది. పన్ను వేసే హక్కు లేదు, వెలివేసే హక్కు లేదు. 1922 నాటికి మూతపడింది. మాస్టారు చెప్పే ‘సంఘం’ దీనికి సరిపోతుంది, మిన్‌స్క్‌కు సరిపోదు.

అనువాదకురాలు:
అందరికీ థాంక్స్. పోలండ్, రష్యా భాగాల్లో ‘కెహిల్లా’ అనే ఉంచుతాను. ఆ పిల్లల సంగతి చదివాక ‘సంఘం’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ మొదటిసారి మాట వచ్చినచోటే, శవసంస్కారం దగ్గర నుంచి పన్ను దాకా అది ఏం చేసేదో రెండు పేరాల్లో చెప్పేస్తాను.

బందరు మాస్టారు:
నాకు ఇంకా తెలుగు మాటే సబబనిపిస్తోంది. సరే, నీ ఇష్టం. ప్రార్థన ఆపించే ఆచారం మాత్రం ఆ రెండు పేరాల్లో తప్పకుండా పెట్టమ్మా.