ట్యాపెట్ కవర్ మీద ఉబ్బెత్తు అక్షరాలకు పెయింట్ నిలవడం లేదు, సాయం చేయండి

తాడిపత్రి రోడ్, అనంతపురం:
అన్నలారా, పొద్దున ఎనిమిదికి కూర్చున్నా, ఇప్పుడు సాయంత్రం ఐదున్నర. ట్యాపెట్ కవర్, అదే ఇంజన్ పైమూత, దాని మీద ఉబ్బెత్తు అక్షరాలకు ఎరుపు వేయాలి, మిగతా అంతా నలుపు, అంతే పని. మూడుసార్లు వేసి మూడుసార్లు గీకేశాను. అక్షరాల చుట్టూ టేపు కత్తిరించి అంటించి స్ప్రే కొడితే, టేపు లాగేటప్పుడు ఎరుపుతో పాటు కింది నలుపు కూడా పాల మీద మీగడలా లేచి వచ్చేస్తోంది. డబ్బా నాసిరకం కాదు, 600 డిగ్రీలు తట్టుకునే సైలెన్సర్ స్ప్రేనే కొన్నా. వచ్చే గురువారం మా అక్క పెళ్ళి, పెళ్ళికొడుకును నాన్న బండిలోనే తీసుకురావాలి, చుట్టాలు వస్తే నాన్న బానెట్ ఎత్తి చూపించకుండా ఉండడు. తల పగిలిపోతోంది, ఏం చేయాలో చెప్పండి.

పాతబండి, కర్నూలు:
ఏ బండి?

బోర్డుల మాస్టర్, కడప:
టేపు అంటించాలని నీకు ఎవరు చెప్పినారు తమ్ముడూ. ముప్పై ఏళ్ళు లారీలకు రాశాను, ఉబ్బెత్తు అక్షరానికి టేపు అక్కర్లేదు, అక్షరమే నీకు హద్దు. ఉడుత వెంట్రుకల కుంచె తీసుకో, ఎనామిల్‌లో నాలుగు చుక్కల టర్పెంటైన్ కలిపి పలచన చెయ్, కుంచె నిండా ముంచి అక్షరం నడుమ పెట్టి వదిలితే రంగు దానంతటదే అంచు దాకా పాకి అక్కడ ఆగుతుంది. గీకినట్టు పూయకూడదు. ఇప్పుడు అందరూ స్టిక్కర్లు కోసి అంటిస్తున్నారు గానీ, అవి రెండు ఎండాకాలాలకు వెలిసిపోతాయి, చేత్తో రాసింది బండి తుక్కుకు పోయేదాకా ఉంటుంది. కుంచె వాడాక కొబ్బరినూనెలో ముంచి పెట్టుకో, లేకపోతే గట్టిపడి పనికిరాదు.

ఒరిజినల్ 1489:
ముందు మాట సరిచేసుకోండి. అది ట్యాపెట్ కవర్ కాదు, రాకర్ కవర్. ఆ ఇంజన్‌లో ట్యాపెట్లు కింద బ్లాకులో ఉంటాయి, వాటి మూతలు పక్కన ఉంటాయి. పైనుండి వాల్వులను నొక్కేవి రాకర్లు. ఈ తేడా తెలియకుండా పార్టు అడిగితే షాపువాడు ఇంకేదో చేతిలో పెడతాడు.

పాతబండి, కర్నూలు:
రాయలసీమలో ఏ షెడ్డుకు పోయినా ట్యాపెట్ కవరే అంటారు. అడిగినోడికి, చెప్పినోడికి ఇద్దరికీ అర్థమవుతోంది కదా. అసలు ఏ బండో అతనింకా చెప్పనే లేదు.

తాడిపత్రి రోడ్, అనంతపురం:
అంబాసిడర్ అన్నా, 84 మోడల్, పెట్రోల్. తెలుసనుకున్నా.

ఒరిజినల్ 1489:
అంబాసిడర్‌కు ఉబ్బెత్తు అక్షరాల కవర్ ఎక్కడిది? 1958లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలైనప్పుడు వాల్వులు పక్కనుండే సైడ్ వాల్వ్ ఇంజన్, ఆ మరుసటి ఏడాది బ్రిటన్ కంపెనీ బీఎంసీ వాళ్ళ 1489 సీసీ, వాల్వులు పైనుండే ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. దాని కవర్ నొక్కి చేసిన స్టీలు రేకు. నీ దగ్గరున్నది ఏదో వేరే కవర్.

తాడిపత్రి రోడ్, అనంతపురం:
అవునన్నా, పాతది తుప్పు పట్టి చిల్లు పడితే లండన్‌లో ఉన్న మా బావ అక్కడి నుంచి అల్యూమినియం పోత కవర్ పంపించాడు. ఎంజీ కంపెనీ వాళ్ళ ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు వేసేదంట, సరిగ్గా కూర్చుంది. ఎంజీ అనే రెండు అక్షరాలు, చుట్టూ ఎనిమిది మూలల గడి, అన్నీ ఉబ్బెత్తే.

ఒరిజినల్ 1489:
కూర్చుంటుంది, రెండూ బీఎంసీ బీ సిరీస్ ఇంజన్లే, ఎంజీబీది 1798 సీసీ, మనది 1489. కానీ అంబాసిడర్ మీద ఎంజీ అక్షరాలు చూస్తే నాకు మనసు ఒప్పదు. పాత రేకు కవర్ చిల్లుకు బ్రేజింగ్ (ఇత్తడి అతుకు) వేయించి దాన్నే పెట్టు. మన దగ్గర ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది, మిగిలినవాటినైనా ఉన్నట్టు ఉంచుకోవాలి.

గన్ స్ప్రే, ప్రొద్దుటూరు:
కవర్‌ను దేంతో కడిగావు?

తాడిపత్రి రోడ్, అనంతపురం:
వచ్చినప్పుడు పసుపు లక్క లాంటి పూత ఉండె. షెడ్డులో కాస్టిక్ సోడా డ్రమ్ములో రాత్రంతా నానబెట్టారు, ఇనుప సామాన్లన్నీ అందులోనే కడుగుతారు. తీస్తే నల్లగా ఉండె, నీళ్ళతో కడిగేసి రంగు కొట్టా.

గన్ స్ప్రే, ప్రొద్దుటూరు:
ఇది మొదటే చెప్పాల్సింది. ఇనుముకు కాస్టిక్ పరవాలేదు, అల్యూమినియాన్ని మాత్రం తినేస్తుంది, డ్రమ్ములో నురగ వచ్చింది చూడు, అది హైడ్రోజన్. నల్లగా మిగిలింది మసి లాంటి పొర, వేలితో రుద్దితే వేలికి అంటుతుంది. నీ పెయింట్ లోహానికి కాదు, ఆ మసికి అంటుకుంది, అందుకే చాపలా లేస్తోంది.

రెండో సంగతి సైలెన్సర్ స్ప్రే. 600 డిగ్రీలు అని చూసి అందరూ అదే కొంటారు. అది సిలికాన్ రంగు, 200 డిగ్రీల దాకా కాలితేనే గట్టిపడుతుంది. ఈ కవర్‌కు తగిలేది నూరు డిగ్రీల చుట్టుపక్కలే, కాబట్టి ఎన్నాళ్ళయినా మెత్తగానే ఉండి పెట్రోల్ గుడ్డ తగిలితే పోతుంది.

మొత్తం థిన్నర్‌తో తీసెయ్. స్కాచ్‌బ్రైట్‌తో నీళ్ళల్లో రుద్దు, తెల్ల గుడ్డకు మసి అంటనంత వరకు. సందుల్లో పాత టూత్‌బ్రష్. తర్వాత 320 నంబరు గరుకు కాగితం షీటు, థిన్నర్ గుడ్డ, అక్కణ్ణుంచి చేత్తో ముట్టుకోవద్దు. లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ ఒక్క పలచని కోటు చాలు, దాని మీద 2కే నలుపు, అంటే గట్టిపరిచే మందు కలిపి కొట్టే రంగు. 2కే గట్టిపరిచే మందు ఊపిరితిత్తులకు మంచిది కాదు, మూతికి కర్చీఫ్ కడితే చాలదు, ఫిల్టర్ మాస్క్ పెట్టుకుని బయట కొట్టు.

పాతబండి, కర్నూలు:
మధ్యాహ్నం మాత్రం కొట్టొద్దు. ఈ ఎండలకు రంగు గన్ నుంచి కవర్ మీద పడేలోపే ఆరిపోయి పొడిపొడిగా కూర్చుంటుంది, చేత్తో తడిమితే గరుకు కాగితమే. తెల్లారి ఆరింటికి కొట్టు, గాలి కూడా ఉండదు.

బోర్డుల మాస్టర్, కడప:
నలుపు 2కే అయితే ఇంకా మంచిది. ఒక రాత్రి ఆరనిచ్చి ఎరుపు ఎనామిల్ వేసుకో, చెయ్యి జారి పక్కకు పోయినా టర్పెంటైన్ గుడ్డతో తుడిస్తే ఎరుపే పోతుంది, కింది నలుపుకు ఏమీ కాదు. కుంచె అలవాటు లేకపోతే చెక్క ముక్కకు సైకిల్ ట్యూబు బిగుతుగా చుట్టు, గాజు పలక మీద రంగు పలచగా పరిచి దాంట్లో అద్ది అక్షరాల మీద నొక్కు. రబ్బరు స్టాంపు తిరగేసినట్టు, పైభాగానికే అంటుతుంది.

గన్ స్ప్రే, ప్రొద్దుటూరు:
అద్దే ముందు అక్షరాల తలలు సమంగా ఉన్నాయో చూసుకో, పోత సామాను కదా. కవర్‌ను బోర్లించి రుద్దలేవు, ఆయిల్ మూత మెడ అడ్డొస్తుంది. అరచేయంత బేతంచెర్ల బండ ముక్క తీసుకో, పాలిష్ పట్టిన వైపు 400 షీటు అంటించి నాలుగుసార్లు లాగు.

ఒరిజినల్ 1489:
ఇంత కష్టం రేకు కవర్‌కు ఉండేదే కాదు. పైగా ఇది రాకర్ కవరే.

తాడిపత్రి రోడ్, అనంతపురం:
మంగళవారం తెల్లారి నలుపు కొట్టినా, నిన్న రాత్రి ట్యూబు ముక్కతో ఎరుపు అద్దినా. గడి అంచు ఒకచోట కొంచెం మందమైంది, మిగతాది బాగా వచ్చింది, గోరుతో గీకినా లేవలేదు. నాన్న రెండుసార్లు వచ్చి చూసి పోయినాడు. థాంక్స్ అన్నా అందరికీ. కవర్ బిగించాక కార్క్ గ్యాస్కెట్ దగ్గర ఆయిల్ చెమ్మ కనబడుతోంది, పైనున్న రెండు నట్లూ గట్టిగానే బిగించా, ఇంకా బిగించాలా?

పాతబండి, కర్నూలు:
బిగించొద్దు. కార్క్ నలిగిపోతుంది. ఇంజన్ వేడెక్కి చల్లారాక చూసి చెప్పు.