‘బల్బు కరెంటు తాగేస్తుంది’: తప్పు నామవాచకంలో ఉందా, క్రియలో ఉందా?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: “విద్యుత్తు పాఠం చెప్పేటప్పుడు పిల్లల ముందు కరెంటు అనాలా, విద్యుత్తు అనాలా, విద్యుత్ ప్రవాహం అనాలా? ఏది సరైన తెలుగు?” కింద ముప్ఫైకి పైగా జవాబులొచ్చాయి. అన్నీ నామవాచకం చుట్టూనే తిరిగాయి. నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి చర్చను కాస్త పక్కకు తిప్పుతాను. పిల్లలు బోల్తా పడేది నామవాచకం దగ్గర కాదు, దాని పక్కన మనం పెట్టే క్రియ దగ్గర.

ఓ జవాబు పత్రంలో చదివిన వాక్యం ఇది: “మొదటి బల్బు కొంత విద్యుత్ ప్రవాహాన్ని వాడుకుంటుంది కాబట్టి రెండో బల్బుకు తక్కువ విద్యుత్ ప్రవాహం అందుతుంది.” చూడండి, ‘కరెంటు’ అనలేదు. శుద్ధంగా ‘విద్యుత్ ప్రవాహం’ అనే రాసింది ఆ అమ్మాయి. అయినా వాక్యం మొదటి నుంచి చివరిదాకా తప్పే. ‘వాడుకుంటుంది’ అన్న క్రియే కొంప ముంచింది.

మరి ఆ క్రియ ఎక్కణ్ణుంచి వచ్చింది? మనమే ఇచ్చాం. రోజూ మనం ఏమంటామో ఒక్కసారి వినండి.

“ఆ తీగలో కరెంటుంది, ముట్టుకోకు.”
“ఈ నెల కరెంటు బాగా కాలింది.”
“అంత సన్నటి తీగలో అంత కరెంటు పోతే తీగ కాలిపోతుంది.”

మూడింటిలోనూ మాట ఒకటే, కానీ భౌతికశాస్త్రంలో మూడూ మూడు వేర్వేరు రాశులు. మొదటి వాక్యంలో కరెంటంటే వోల్టేజి. తీగ చివర దేనికీ కలపకుండా గాల్లో వేలాడుతుంటే అందులో ప్రవాహం సున్నా, అయినా నేలతో పోలిస్తే వోల్టేజి ఉంది. మనం ముట్టుకుంటే దారి పూర్తవుతుంది, అప్పుడు ఒంటి గుండా ప్రవాహం మొదలవుతుంది. రెండో వాక్యంలో కరెంటంటే శక్తి. బిల్లులో కనబడే యూనిట్ ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. 1000 వాట్ల హీటరు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. అది నిజంగానే ఖర్చయ్యేది, వేడిగానో వెలుగుగానో మారిపోయేది. కనక అక్కడ ‘కాలింది’ అన్న క్రియలో ఏ లోపమూ లేదు. మూడో వాక్యంలో మాత్రమే కరెంటంటే అసలైన కరెంటు, ఆంపియర్లలో కొలిచేది.

ఇల్లు నడవడానికి ఈ మూడింటికీ ఒకే మాట సరిపోతుంది, అందులో తప్పు పట్టను. చిక్కల్లా తరగతి గదిలోనే. రెండో వాక్యంలోని ‘కాలింది’ని పిల్లవాడు పట్టుకొచ్చి మూడో వాక్యంలోని కరెంటుకు తగిలిస్తాడు. అక్కడి నుంచి బల్బు కరెంటు తినేయడం, తాగేయడం మొదలవుతాయి.

పైగా మన ‘పోవు’ ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. “తీగలో కరెంటు పోతోంది” అంటే ప్రవహిస్తోంది అని. “కరెంటు పోయింది” అంటే లేకుండా పోయింది అని. వెళ్లడానికీ నశించడానికీ ఒకే ధాతువు. అందుకే ఈ పాఠం చెప్పే పది రోజులూ నేను ‘పోవు’ను పక్కన పెట్టి ‘పారు’ వాడతాను. పారడంలో ఖర్చయిపోవడం లేదు.

దీన్ని చెప్పి ఒప్పించడం కష్టం, చూపించడమే మేలు. రెండు సెల్లులు, అంటే 3 వోల్టులు. ఒకేలాంటి రెండు చిన్న బల్బులు, వరసగా కలిపినవి. కరెంటును కొలిచే ఒక అమ్మీటరు. దాన్ని ముందు మొదటి బల్బుకు ఇవతల పెట్టి చూడమంటాను. తర్వాత రెండు బల్బుల నడుమ, ఆ తర్వాత రెండో బల్బుకు అవతల. ముల్లు మొదట 0.2 ఆంపియర్ల దగ్గర నిలిచిందనుకోండి, మూడు చోట్లా అక్కడే నిలుస్తుంది. మూడోసారి ముల్లు తగ్గుతుందని పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు, అది తగ్గదు. అమ్మీటరు చెడిందని మార్చమన్నవాళ్లూ ఉన్నారు. మార్చినా అంతే. ఆ తర్వాత వోల్ట్‌మీటరు తీసి ఒక్కో బల్బు రెండు చివరలకూ తగిలిస్తే ఒక్కోదానికీ సుమారు 1.5 వోల్టులు. తరిగేది ఇక్కడ కనిపిస్తుంది. ఒక్కో కూలూంబ్ (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం) ఆవేశం బల్బు గుండా వెళ్లేటప్పుడు ఒకటిన్నర జౌళ్ల శక్తిని అక్కడ దింపేసి వెళ్తుంది. శక్తి దిగింది, ఆవేశం మాత్రం అంతా అలాగే అవతలికి చేరింది.

విభక్తుల సంగతి కూడా చెప్పాలి. తెలుగులో మనకు ‘గుండా’, ‘మధ్య’ అని రెండు మంచి మాటలున్నాయి. తీగ గుండా 2 ఆంపియర్లు, తీగ రెండు చివరల మధ్య 6 వోల్టులు. ఈ రెంటినీ తారుమారు చేయకుండా రాయగలిగిన విద్యార్థికి సగం పాఠం వచ్చేసినట్టే అంటాను. “బల్బులో 6 వోల్టులు పారుతున్నాయి” అని ఎవరు రాసినా, లెక్క జవాబు సరిపోయినా సరే, ఆ వాక్యం కింద గీత గీస్తాను. వోల్టేజి ఎత్తు లాంటిది. ఎత్తు పారదు. ఎత్తులో తేడా ఉంటే నీళ్లు పారతాయి.

ఇక అడిగినవారికి నా జవాబు: నిశ్చింతగా కరెంటు అనండి. శక్తిని శక్తి అనండి, వోల్టేజిని వోల్టేజి అనండి.

వ్యాఖ్య: మాస్టారూ, స్విచ్ వేయగానే కరెంటు పరుగెత్తుకొస్తుందని మా పాపకు చెప్పాను. ఇదీ తప్పేనా?

జవాబు: అక్కడ ‘పరుగెత్తు’ను కొంచెం చూసుకోవాలండీ. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగలో 1 ఆంపియరు పారుతుంటే, ఏ ఒక్క స్థానంలో చూసినా సెకనుకు 6.24 × 10¹⁸ ఎలక్ట్రాన్లు దాటుతుంటాయి. అయినా ఒక్కో ఎలక్ట్రాన్ సగటున ముందుకు కదిలేది సెకనుకు 0.07 మిల్లీమీటర్లే. మీటరు దూరం దాటడానికి దాదాపు నాలుగు గంటలు. రాగిలో ఎలక్ట్రాన్లు అంత కిక్కిరిసి ఉంటాయి కాబట్టే అంత నెమ్మది చాలుతుంది.

మరి బల్బు వెంటనే ఎలా వెలిగిందంటే, ఎలక్ట్రాన్లు బల్బు ఫిలమెంటులో కూడా ముందే ఉన్నాయి. స్విచ్ వేయగానే తీగ పొడవునా విద్యుత్ క్షేత్రం దాదాపు కాంతి వేగంతో ఏర్పడుతుంది, అన్ని చోట్లా ఉన్న ఎలక్ట్రాన్లు ఒక్కసారే కదలడం మొదలుపెడతాయి. దీనికి మన దగ్గర ఉన్న క్రియ ‘జరుగు’. “కాస్త జరుగు” అంటాం చూడండి, బెంచీ మీద అందరూ తలా ఇంచీ పక్కకు కదలడం. డ్రిఫ్ట్ వేగం అని పుస్తకంలో చదివేది సరిగ్గా అదే. ఇళ్లకొచ్చే ఏకాంతర విద్యుత్తయితే (ఏసీ) ఆ జరగడం కూడా ఒక వైపుకు ఉండదు, సెకనుకు 50 లేదా 60 సార్లు ఇటూ అటూ ఊగడమే.

వ్యాఖ్య: ‘విద్యుచ్ఛాలక బలం’లో బలం ఉంది కదా, మరి న్యూటన్లలో ఎందుకు కొలవరు? ఇంకోటి, ఇక్కడ సంధి సరైనదేనా?

జవాబు: ముందు సంధి. విద్యుత్ + శక్తి అయితే తకారం చకారంగా, శకారం ఛకారంగా మారి విద్యుచ్ఛక్తి. విద్యుత్ + చాలక అయితే తకారం ఒక్కటే చకారమవుతుంది, విద్యుచ్చాలక. అక్కడ ఒత్తు ఛకు చోటు లేదు. విద్యుచ్ఛక్తిని చూసి చూసి ఇక్కడా ఒత్తు పెట్టేస్తున్నాం. చాలా చోట్ల అలాగే అచ్చవుతోంది, నేనూ చాలాకాలం అలాగే రాశాను.

ఇక బలం. అది బలం కాదు. 1.5 వోల్టుల సెల్లు అంటే ఒక్కో కూలూంబ్ ఆవేశాన్ని వలయం చుట్టూ తిప్పడానికి ఆ సెల్లు చేసే పని 1.5 జౌళ్లు. ఆవేశానికి చేసే పనిని బలమనడం ఇంగ్లీషు పేరు ‘ఎలక్ట్రోమోటివ్ ఫోర్స్’లోనే ఉంది, మన అనువాదం దాన్ని నమ్మకంగా మోసుకొచ్చింది. వోల్టా తొలి బ్యాటరీని లోకానికి చెప్పింది 1800లో. శక్తి నిత్యత్వం అన్న భావన కుదురుకున్నది 1840ల తర్వాతే. బలానికీ శక్తికీ నడుమ గీత సరిగా పడని రోజుల నాటి పేరది. పిల్లలకు నేను ‘ఈఎమ్‌ఎఫ్’ అనే చెప్పి, ప్రమాణం వోల్టు అని పక్కనే రాయిస్తాను. ఇలాంటి చోట అచ్చ అనువాదం కన్నా పొట్టి పేరే మేలని నా అభిప్రాయం.

వ్యాఖ్య: అయస్కాంతానికీ ఇలాంటి క్రియ గొడవ ఉందా?

జవాబు: ఉంది, కానీ ముందు ఒక సంతోషం పంచుకోనివ్వండి. అయస్కాంతం అంటే ఇనుముకు ఇష్టమైనది, అయస్ అంటే ఇనుము. చక్కని మాటే. దానికన్నా నాకు ఇష్టమైనది ‘సూదంటురాయి’. సూది, అంటు, రాయి. పేరులోనే క్రియ ఉంది. అందులోనూ ‘అంటు’! అంటుకోవడం అంటే అతుక్కోవడం, ఒకరి నుంచి ఒకరికి పాకడం కూడా, అంటువ్యాధిలో లాగా. రాయికి ఒక సూదిని తగిలించండి. ఆ సూది కొసకు ఇంకో సూదిని తగిలించండి, నిలుస్తుంది. దానికి మూడోది. మొదటి సూది రాయికి అంటుకోవడమే కాదు, రాయి గుణం సూదికి అంటుకుంది. ఇనుములోని అతి చిన్న అయస్కాంత ప్రాంతాలు చెల్లాచెదురుగా ఉన్నవల్లా రాయి సమీపంలో ఒక దిక్కుకు సర్దుకోవడం వల్ల జరిగేది ఇది. అయస్కాంత ప్రేరణ అని పుస్తకంలో పేజీన్నర రాసేది ఆ రెండక్షరాల ‘అంటు’లో ఇమిడిపోయింది. పాఠం మొదలుపెట్టేది నేను ఈ మాటతోనే.

మీరడిగిన గొడవ విద్యుదయస్కాంత ప్రేరణ దగ్గర వస్తుంది. “తీగచుట్టలో అయస్కాంతం ఉంటే కరెంటు పుడుతుంది” అని రాస్తారు. ‘ఉంటే’ కాదు. ఫారడే 1831 ఆగస్టు 29న చేసిన ప్రయోగం ఇక్కడ చెప్పాలి. ఇనుప కడియానికి రెండు వైపులా రెండు తీగచుట్టలు. ఒకదాన్ని బ్యాటరీకి కలిపారు, రెండోదాని తీగను ఒక అయస్కాంత సూచి దగ్గరగా పోనిచ్చారు. బ్యాటరీ కలిపిన క్షణంలో సూచి చటుక్కున కదిలింది, ఊగి మళ్లీ మామూలు స్థానానికి వచ్చేసింది. మొదటి చుట్టలో ప్రవాహం నిలకడగా పారుతున్నంతసేపూ సూచిలో చలనం లేదు. బ్యాటరీ తీసేసిన క్షణంలో మళ్లీ కదిలింది, ఈసారి ఎదురు దిక్కుకు.

కాబట్టి వాక్యం ఇలా ఉండాలి: తీగచుట్ట గుండా అయస్కాంత అభివాహం (చుట్ట గుండా వెళ్లే అయస్కాంత క్షేత్రం మొత్తం) మారుతున్నప్పుడు, మారుతున్నంతసేపే ఈఎమ్‌ఎఫ్ పుడుతుంది. ‘మారినప్పుడు’ అన్నా నాకు తృప్తి ఉండదు, ‘మారుతున్నప్పుడు’ అనాలి. ఎంత త్వరగా మారుతుంటే అంత ఎక్కువ. తెలుగు వ్యాకరణంలో ‘తున్న’ అనే ముక్క ఫారడే నియమంలో సగం పని చేసిపెడుతుంది.

వ్యాఖ్య: మాది మోటార్ల రిపేరు పనండీ. మేం “మోటారు కరెంటు లాగుతోంది” అంటాం. అదీ తినడం లాంటి తప్పేనా?

జవాబు: తప్పు కాదండీ, ఈ చర్చ మొత్తంలో నాకు బాగా నచ్చిన క్రియ మీదే. లాగడంలో ఖర్చు చేయడం లేదు. బావిలో తాడు లాగితే ఒక చేతి వైపు నుంచి వచ్చిన తాడు రెండో వైపు నుంచి వెళ్తూనే ఉంటుంది, తాడు తరగదు. ఎంత ప్రవాహం పారాలో నిర్ణయించేది సెల్లో సరఫరానో ఒక్కటే కాదు, కలిపిన పరికరం కూడా అన్న సంగతి అందులో ఉంది. “మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది” అని కూడా మీరే అంటారు. అప్పటికి అది ఇంకా తిరగలేదు గనుక దానిలో ఎదురు ఈఎమ్‌ఎఫ్ (తిరిగే చుట్టలో సరఫరాకు ఎదురుగా పుట్టేది) పుట్టలేదు, ప్రవాహాన్ని తగ్గించేది ఏదీ పెద్దగా లేదు. వేగం అందుకునే కొద్దీ ఆ ఎదురు ఈఎమ్‌ఎఫ్ పెరుగుతుంది, లాగడం తగ్గుతుంది. ఇరుసు ఇరుక్కుని తిరగకుండా ఆగిపోతే మొదట లాగినంతా లాగుతూనే ఉంటుంది, చుట్ట కాలిపోతుంది. రేపటి తరగతిలో ‘వాడుకుంటుంది’ అన్న ఆ అమ్మాయికి ఈ ‘లాగు’ ఇచ్చి, వాక్యం మళ్లీ రాయమంటాను.