సెప్టిక్ ట్యాంకులో మడ్డిని మూడేళ్లకోసారి తీయించడం తప్పనిసరి చేయాలా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు చెప్పండి

గెడ్డదారి:
మహారాష్ట్రలో వాయి, సిన్నర్ పట్టణాలు వీధుల వారీగా వంతు పెట్టి, మూడేళ్లకోసారి ప్రతి ఇంటి ట్యాంకూ తీయించే పద్ధతి తెచ్చాయి. ఇంటివాళ్లు ఫోన్ చేయక్కర్లేదు. వంతు వస్తే బండే వస్తుంది. ఖర్చు పన్నుతో పాటు కడతారు. మన దగ్గర ట్యాంకు పొంగాకే ఎవరికైనా గుర్తొస్తుంది. అప్పుడు బండిని పిలుస్తాం. అది తీసుకెళ్లి ఏ గెడ్డలో (వాగులో) పోసిందో, ఏ తుప్పల్లో వదిలిందో అడిగేవాళ్లు లేరు. ఆ గెడ్డల్లో చాలావరకు చివరికి నాగావళి, చంపావతి లాంటి నదుల్లో కలిసేవే.

పొంగేదాకా ఆగడం వల్ల జరిగే అసలు నష్టం చాలామందికి తెలీదు. మడ్డి పెరిగేకొద్దీ నీరు నిలిచే చోటు తగ్గిపోతుంది, తేరుకోవడానికి టైము దొరకదు. తేరని మలినం ఇంకుడు గుంతలోకి పోయి మట్టి రంధ్రాల్ని మూసేస్తుంది. ఆ తర్వాత ట్యాంకు ఎన్నిసార్లు తీయించినా గుంత ఇంకదు, కొత్తది తవ్వుకోవాల్సిందే. అందుకే తప్పనిసరి చేయాలంటున్నాను. శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం, బొబ్బిలి, రాజాం లాంటి ఊళ్లతో మొదలుపెట్టి, తర్వాత పెద్ద పంచాయతీలకి తీసుకెళ్లాలి.

ఓవర్సీర్_చీపురుపల్లి:
ఉద్దేశం మంచిదే గానీ అందరికీ మూడేళ్లే అంటే లెక్క నిలబడదండీ. మనిషికి ఏడాదికి సుమారు 35 లీటర్ల మడ్డి చేరుతుందనుకుంటే ఐదుగురున్న ఇంట్లో 175 లీటర్లు, మూడేళ్లకి 525. సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ఐదుగురికి, మూడేళ్ల గడువుకి ట్యాంకు కొలత 1.5 మీటర్ల పొడవు, 0.75 వెడల్పు, 1.05 నీటి లోతు. అంటే దాదాపు 1,180 లీటర్లు. ఆ ట్యాంకు మూడేళ్లలో సగం దగ్గరికి వస్తుంది కాబట్టి నియమం సరిపోతుంది. కానీ మన మేస్త్రీలు కట్టేది అది కాదు. 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 అడుగుల నీటి లోతు మామూలు. దాంట్లో 6,800 లీటర్లు పడతాయి. అదే ఐదుగురికి అందులో మూడో వంతు మడ్డి చేరడానికి 13 ఏళ్లు పడుతుంది. కింది మడ్డి కొంత చివికి, నొక్కుకుపోతుంది కాబట్టి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అలాంటి ఇంటికి మూడేళ్లకోసారి బండి పంపితే లాగేది నీళ్లనే, డబ్బు దండగ.

తనిఖీ కావాలి, కాదనను. కానీ తేదీని బట్టి కాదు, కొలతను బట్టి తీయించాలి.

కవిటి_తీరం:
ఓవర్సీర్ గారూ, మీ లెక్క అడుగున కాంక్రీటు ఉన్న ట్యాంకుకి. మా ఉద్దానం వైపు ఇసక నేలలో చాలా ఇళ్లకి ఉన్నవి సిమెంటు వరలు దింపిన గోతులండి. అడుగు ఉండదు. ఇరవై ఏళ్లయినా నిండదు. నిండలేదని ఇంటివాళ్లు సంబరపడతారు గానీ, నిండకపోవడమే జబ్బు. నీరంతా నేరుగా భూమిలోకి దిగిపోతాది. పక్కనే బోరింగు ఉంటాది, నీటిమట్టం వానాకాలంలో చెయ్యి పెడితే అందేంత పైకి వస్తాది. మీరు కొలిస్తే ఈ గోతికి ఎప్పుడూ మంచి మార్కులే పడతాయి! కొలత ఒక్కటే పెడితే అన్నిటికంటే చెడ్డ ట్యాంకే పాసైపోతాది.

ఇంకో మాట, ముందే చెప్పేస్తున్నా. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. దాన్ని తెచ్చి ఈ గోతులకి ముడెయ్యకండి. దాని ఊసు లేకుండానే ఇది పెద్ద సమస్య. సూక్ష్మక్రిములు ఒక ఎత్తయితే నైట్రేటు ఇంకో ఎత్తు. తాగే నీటిలో లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇసక దాన్ని ఆపలేదు, క్లోరిన్ వేసినా పోదు, కాచితే ఇంకా చిక్కబడతాది. పాలపొడి కలిపి పట్టే చంటిపిల్లలకి అది ప్రమాదం.

ఓవర్సీర్_చీపురుపల్లి:
ఒప్పుకోవాల్సిన మాటే. అయితే మొదటి తనిఖీలో చూడాల్సింది మడ్డి కాదు, అడుగు ఉందా లేదా అని. పద్ధతి సులువే. ట్యాంకు తీయించిన రోజున అవుట్‌లెట్ దాకా మంచినీళ్లు నింపి, గోడ మీద గుర్తు పెట్టి, ఒక రోజు వాడకుండా ఉంచాలి. గుర్తు కిందికి దిగితే కారుతున్నట్టే. ఇది మార్చి నుంచి మే లోపు చేయాలి. వానాకాలంలో బయటి నీరే లోపలికి ఊరి లెక్క తప్పుతుంది. రెండోది, అవుట్‌లెట్ ఎక్కడికి పోతోందో చూడటం. పట్టణాల్లో ఇంకుడు గుంత లేకుండా పైపుని నేరుగా సైడు కాలువలోకి వదిలేసిన ఇళ్లు కోకొల్లలు. ట్యాంకు ఎంత బాగా పనిచేసినా బయటికొచ్చే నీటిలో రోగక్రిములు బతికే ఉంటాయి. ఆ పైపు మూయించకుండా మూడేళ్ల నియమం పెట్టి లాభం లేదు.

లెక్కల_మాస్టారు_రాజాం:
బండి లెక్క, స్థలం లెక్క కూడా వేసి చూద్దాం. ఒక బండి రోజుకి 4 ట్రిప్పులు, ట్రిప్పుకి 3,000 లీటర్లు. ఏడాదికి 300 రోజుల చొప్పున మూడేళ్లలో 3,600 ట్రిప్పులు. చిన్న ట్యాంకులైతే ఒక్క బండి 3,600 ఇళ్లకి సరిపోతుంది. ఓవర్సీర్ గారు చెప్పిన 6,800 లీటర్ల ట్యాంకుకి రెండు మూడు ట్రిప్పులు కావాలి.

బండి మడ్డిని దించేచోటు మాటకొస్తే, రోజుకి 12 వేల లీటర్లు, అంటే 12 ఘనపు మీటర్లు. ఇసక, కంకర పరిచిన ఎండబెట్టే మడిలో పావు మీటరు మందాన పోస్తే రోజుకి 48 చదరపు మీటర్ల మడి పడుతుంది. ఎండడానికి 15 రోజులనుకుంటే 720 చదరపు మీటర్లు, దాదాపు 18 సెంట్లు. మడుల కింద కారే నీటిని శుద్ధి చేసే తొట్టెలు, బండి తిరిగే దారి, ఎండిన మడ్డిని కంపోస్టు చేసే షెడ్డు కలుపుకుంటే అరెకరం ఉండాలి. ఎండిందని నేరుగా పొలానికి ఇవ్వకూడదు, నులిపురుగుల గుడ్లు ఎండకి అంత తొందరగా చావవు. తడిచెత్తతో కలిపి కుప్ప పోసి వేడెక్కనివ్వాలి. 2015లో బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో, 2017లో వరంగల్‌లో ఇలాంటి ప్లాంట్లు వచ్చాయి. మనకి పొరుగునే ఒడిశాలోని బరంపురంలోనూ ఉంది. చేయలేని పనేం కాదు.

ఓవర్సీర్_చీపురుపల్లి:
మాస్టారూ, 300 రోజులు మన వాతావరణానికి కుదరవు. జూలై నుంచి నవంబరు దాకా ట్యాంకులు తీయించకూడదు. నీటిమట్టం పైకొచ్చిన చోట ఖాళీ ట్యాంకు తేలుతుంది. 1,000 లీటర్ల ఫైబరు ట్యాంకుని నీరు టన్ను బరువుతో పైకి నెడుతుంది. అడుగున సుమారు 0.7 ఘనపు మీటర్ల కాంక్రీటు కట్టి బిగిస్తేనే ఆ తోపుకి సరితూగుతుంది. ఇటుక ట్యాంకైతే తేలకపోయినా అడుగు పగులుతుంది, పైపు జాయింట్లు విరుగుతాయి. తుపాన్ల నెలల్లో మడులూ ఎండవు. పారదర్శకపు రేకులతో కప్పు వేసినా గాలిలో తేమకి ఎక్కువ రోజులు పడుతుంది. కాబట్టి ఏడాదికి 175 పనిరోజులే అనుకోండి. మూడేళ్లకి 2,100 ట్రిప్పులు.

తీసిన వెంటనే ట్యాంకులో నీళ్లు నింపాలి. ఈ పని బండివాళ్లు చేయరు, ఇంటివాళ్లకి తెలీదు.

బొబ్బిలి_కోట_వీధి:
అందరూ బండి గురించీ, మడుల గురించీ మాట్లాడుతున్నారు. డబ్బు ఎవరు కడతారు? చెత్త పన్ను వేస్తే ఎంత వ్యతిరేకత వచ్చిందో, 2024లో దాన్ని ఎందుకు తీసేయాల్సి వచ్చిందో అందరికీ తెలుసు. ఇప్పుడు మరుగుదొడ్డి పన్ను అంటే ఏ కౌన్సిలరు చెయ్యెత్తుతాడు? ట్రిప్పు 1,500 అనుకున్నా మూడేళ్ల మీద నెలకి 42 రూపాయలు, పెద్ద మొత్తం కాదు. కానీ సేవ కనిపించక ముందే పన్ను నోటీసు వస్తే జనం నమ్మరు. అద్దె ఇళ్లలో గొడవ వేరే. యజమాని విశాఖలో ఉంటాడు, అద్దెకున్నవాడు నాకేం సంబంధం అంటాడు. ఇరుకు సందుల్లోకి బండి రాదు, గొట్టం పొడవయ్యేకొద్దీ సక్షన్ పడిపోతుంది. ఆ సందుల్లో ఉండేది పేదవాళ్లే. వాళ్ల దగ్గర పన్ను మాత్రం తీసుకుని సేవ చేయలేరు.

నేను తనిఖీకి వ్యతిరేకం కాదు. ముందు దించేచోటు కట్టండి, ఒక ఏడాది నడిపి చూపించండి, అప్పుడు అడగండి. పంచాయతీలకి 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంట్లలో పారిశుద్ధ్యానికి విడిగా కేటాయించిన వాటా ఉండేది, అలాంటి నిధితో మొదలుపెట్టొచ్చు.

సఫాయి_గొంతు:
ఏ నియమం పెట్టినా మొదటి వాక్యం ఒకటే ఉండాలి: మనిషి లోపలికి దిగకూడదు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరం. అది కాంట్రాక్టరుకే కాదు, పిలిపించిన ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

చాలామంది పొరబడేది "నీళ్లు లాగేశాం కదా, ఇప్పుడు దిగొచ్చు" అని. అప్పుడే ఎక్కువ ప్రమాదం. అడుగు మడ్డిని కదిపితే అందులో బందీగా ఉన్న హైడ్రోజన్ సల్ఫైడు అనే విషవాయువు ఒక్కసారిగా లేస్తుంది. ఎక్కువ మోతాదులో అది ముక్కుని మొద్దుబారుస్తుంది, కంపు తెలీదు. ఒకరు పడిపోతే కాపాడటానికి ఇంకొకరు దిగుతారు, ఇద్దరూ పోతారు. గట్టిపడిన తెట్టునైనా, అడుగు మడ్డినైనా పైనుంచే నీటి జెట్టుతో విరిచి, నీళ్లు కలిపి పల్చన చేసి లాగాలి. మూతలు తెరిచి కనీసం అరగంట వదలాలి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు. ఎవరైనా మనిషిని దింపుతుంటే 14420 హెల్ప్‌లైనుకి ఫోన్ చేయండి.

దీనికీ తనిఖీకీ సంబంధం ఉంది. పోర్టికోలో టైల్సు పరిచి మూత కప్పేసిన ఇంట్లో గొట్టం పెట్టడానికి సందుండదు. ఒక మూలన చిన్న కన్నం కొట్టి మనిషిని దింపుతారు. ట్యాంకులోని ప్రతి గదికీ 60 సెంటీమీటర్ల మూత, పైకి కనబడేలా ఉండాలని ప్లాన్ అప్రూవల్ దగ్గరే పట్టుబడితే సగం ప్రాణాలు నిలబడతాయి.

పెరటి_అరటి:
ట్యాంకు గురించే ఎందుకింత? పల్లెల్లో పెరడున్న ఇంటికి రెండు గుంతల మరుగుదొడ్డి చాలు. ఐదుగురికి మీటరు వెడల్పు గుంతలు రెండు, మధ్య మీటరు ఎడం, నీరు ఇంకేలా సందులు వదిలిన జల్లెడ ఇటుక కట్టు, ముందు వై ఆకారపు చాంబరు. ఒకటి నిండితే దాని దారి మూసి రెండోది తెరవాలి. నిండినదాన్ని రెండేళ్లు వదిలితే లోపలిది వాసన లేని ఎరువవుతుంది. బండీ వద్దు, ప్లాంటూ వద్దు. చెడిపోయేది చాంబరు దగ్గరే. రెండు దారులూ తెరిచి వదిలేస్తారు, రెండు గుంతలూ ఒకేసారి నిండుతాయి. అప్పుడు పద్ధతే పనికిరాలేదంటారు.

స్నానం నీరు, వంటింటి నీరు మాత్రం ఇందులోకి రానివ్వకండి, సెప్టిక్ ట్యాంకులోకి కూడా. ఐదుగురి మరుగుదొడ్డి నీరు రోజుకి 150 లీటర్లయితే అన్నీ కలిపితే 500 దాటుతుంది. 1,180 లీటర్ల ట్యాంకులో వారం రోజులు తేరాల్సింది రెండు రోజుల్లో బయటికి తోసుకొస్తుంది. ఆ నీటిని జిడ్డు తొట్టి దాటించి అరటి పాదుకో మెట్టతామర మడికో వదలండి.

కవిటి_తీరం:
మా ఇసకలో మీ గుంతలు అలాగే పెడితే మళ్లీ బోరింగులోకే వస్తాదండి. గుంత అడుక్కీ నీటిమట్టానికీ మధ్య రెండు మీటర్లు ఉండాలి, మాకు అంత ఎక్కడుంది? ముతక ఇసకైతే గుంత చుట్టూ 500 మిల్లీమీటర్ల మందాన సన్న ఇసక నింపి, అడుగు సిమెంటుతో మూసెయ్యాలి. నీటిమట్టం మరీ పైనుంటే గుంతని నేలకన్నా పైకి లేపి చుట్టూ మట్టి దిబ్బ కట్టాలి, దొడ్డి గచ్చు కూడా లేపాలి. ఖర్చు పెరుగుతాది. ఇళ్లు ఒత్తుగా ఉన్న మత్స్యకార పల్లెల్లో పది, ఇరవై ఇళ్లకి కలిపి ఒకే శుద్ధి తొట్టి కట్టడం నయం: తేర్చే తొట్టి, అడ్డుగోడల తొట్టి, ఆఖర్న కంకర మడి. కరెంటు అక్కర్లేదు. ఒక మనిషికి జీతం ఇచ్చి కంకర కడిగించకపోతే మాత్రం నాలుగేళ్లలో మూసుకుపోతాది.

గెడ్డదారి:
అయితే మూడేళ్ల గడువు బండికి కాదు, కొలవడానికి పెడదాం. ఆరేడు అడుగుల పీవీసీ పైపుకి కింది నాలుగడుగులు తెల్ల తువ్వాలు చుట్టి, అవుట్‌లెట్ టీ (టి ఆకారపు పైపు) పక్కన అడుగు దాకా మెల్లగా దింపి, ఐదు నిమిషాలు ఉంచి పైకి తీస్తే నల్లటి మరక ఎక్కడిదాకా ఉంటే అంతవరకు మడ్డి. నీటి లోతులో మూడో వంతు దాటినా, మడ్డికీ టీ అడుక్కీ ఎడం 12 అంగుళాలకి తగ్గినా తీయించాలి. పట్టణాల్లో ఈ పని వార్డు పారిశుద్ధ్య కార్యదర్శి చేయించొచ్చు. అడుగు లేని గోతికి మాత్రం కొలతతో పని లేదు, మార్చడానికి గడువిచ్చి నోటీసివ్వాలి.

బొబ్బిలి_కోట_వీధి:
నోటీసుతో పాటు సగం ఖర్చూ ఇస్తేనే అది న్యాయం. ఇరవై ఏళ్ల కిందట ఎవరూ వద్దని చెప్పని గోతిని ఇప్పుడు తప్పంటే కూలి చేసుకునేవాడు ఎక్కడ తెస్తాడు? పన్ను మాట మీద నేను కదలను. దించేచోటు ముందు, పన్ను తర్వాత.

లెక్కల_మాస్టారు_రాజాం:
బండివాడికి డబ్బు ఎప్పుడు చేతికి రావాలో కూడా రాసుకోండి. మూడు కాపీల చీటీ: ఒకటి ఇంటికి, ఒకటి డ్రైవరుకి, ఒకటి ప్లాంటుకి. ఇంటివాళ్లు ఆఫీసులో కడతారు. ప్లాంటు ముద్ర పడిన చీటీ చూపిస్తేనే డ్రైవరుకి ట్రిప్పు డబ్బు. దారిలో పారబోస్తే ముద్ర పడదు, డబ్బు రాదు. పైనీళ్లు లాగి మడ్డి వదిలేసే అలవాటుకీ ఇక్కడే మందుంది: బండి వెళ్లేముందు అదే తువ్వాలు పైపు ఇంకోసారి దింపి, నాలుగైదు అంగుళాలకి మించి మడ్డి ఉంటే ఇంటివాళ్లు చీటీ మీద సంతకం పెట్టకూడదు. ఆ కొద్ది మడ్డి మాత్రం ఉండనివ్వండి, కొత్తగా పడేదాన్ని చివికించే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి.