‘తలసరి’ వేరు, ‘తలా’ వేరు: రేషనింగుకు తెలుగు మాట ఏది?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నీరు, బొగ్గు, చమురు వంటి తరిగిపోయే వనరుల విషయంలో ఏదో ఒకనాటికి మనిషికి ఇంత అని కొలిచి ఇవ్వక తప్పదా అన్న అంశం మీద ఒక వ్యాసం రాస్తున్నాను. రెండో పేరాలోనే ‘రేషనింగ్’ అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. ‘నియంత్రిత పంపిణీ’, ‘పరిమిత కేటాయింపు’ వంటివి తోచాయి గానీ, అవి ప్రభుత్వ ఉత్తర్వుల్లోంచి ఊడిపడినట్టున్నాయి. మా అమ్మకు చదివి వినిపిస్తే అర్థమయ్యే మాట కావాలి. ‘రేషన్’ అనే ఉంచమంటారా, ‘కోటా’ అనమంటారా, ‘వంతు’ అనమంటారా?

సమాధానం

‘రేషన్’ ఉంచవద్దనే నా సలహా. అది పరాయి మాట కావడం ఇందుకు కారణం కాదు. తెలుగులోకి వచ్చాక దాని అర్థం తలకిందులు కావడమే కారణం. లెక్క అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరిన ఈ పదం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలోనూ ఇంటింటి మాట అయింది. అప్పుడు దాని అర్థం, చేతిలో డబ్బు ఎంత ఉన్నా సరే ఇంతకు మించి కొనడానికి వీల్లేదని. బ్రిటన్‌లో 1940 జనవరిలో మొదలైన ఆహార రేషన్ 1954 జూలై దాకా సాగింది. 1947లో యువరాణి ఎలిజబెత్ పెళ్ళి దుస్తుల గుడ్డకు సైతం కూపన్లు లెక్కచూపవలసి వచ్చింది. మన పాతతరం వాళ్ళు దీన్నే ‘కంట్రోలు’ అన్నారు, తెలంగాణ పల్లెల్లో ‘కంట్రోల్ బియ్యం’ అన్న మాట ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

తరువాత 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, 2013 నాటి ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ధాన్యాన్ని హక్కు చేసింది. ఇవి రెండూ మంచివే. కానీ ఈ దారిలో ‘ఇంతకు మించి కుదరదు’ అన్న మాట ‘ఇంతకు తక్కువ ఇవ్వం’ అన్న మాటగా మారిపోయింది. ఇవాళ మన ఇళ్ళలో ‘రేషన్’ అంటే పేదవారికి అందే సాయమే గాని, ఉన్నవాడి చేతికి పడే హద్దు కాదు. కాబట్టి మీరు “రాబోయే కాలంలో అందరికీ రేషన్ తప్పదు” అని రాస్తే, అమ్మగారు దాన్ని శుభవార్తగా తీసుకునే ప్రమాదం ఉంది.

‘కోటా’ గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. సీట్లకూ సినిమా టిక్కెట్లకూ సరిపోతుంది. ‘కోత’ అన్న మాట మాత్రం ఒకసారి చూడదగ్గది. కరెంటు కోత, నీటి కోత అని పత్రికలు రాస్తాయి. కొరతను చెప్పడానికి మనకు అలవాటైన మాట అదే, అయితే ఎంత కోశారో అది చెబుతుంది గాని, కోయగా మిగిలింది ఎవరికి ఎంత వచ్చిందో చెప్పదు.

ఇక ‘వాటా’, ‘వంతు’. ఈ రెండింటినీ ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటాం కాని వాటి నడవడి వేరు. మరాఠీలో కూడా భాగమనే అర్థంలోనే ఉన్న ‘వాటా’ ఎదుటివాడి మీద మనం చేసే దావా. కృష్ణా జలాల్లో వాటా అంటాం, ఇంటి వాటా అమ్ముకున్నాడంటాం. ‘వంతు’కు మూడు పనులున్నాయి. ‘నాలుగో వంతు’ అన్నప్పుడు అది కొలత. ‘ఇప్పుడు నీ వంతు’ అన్నప్పుడు అది వరస. ‘నా వంతు సాయం చేశాను’ అన్నప్పుడు అది బాధ్యత. ‘నా వాటా సాయం’ అని ఎవరూ అనరు. ఎంత, ఎప్పుడు, ఎందుకు అనే మూడూ ఒక్క మాటలో ఇమిడిన సౌకర్యం రేషనింగుకు లేదు.

ఈ మాట నాకు పుస్తకంలో పరిచయం కాలేదు. అనంతపురం వైపు మా తాతగారి ఊళ్ళో చెరువు కింద మాకు కొంచెం మడి ఉండేది, ఒక ఏడు నీళ్ళు తక్కువైతే మా వంతు రాత్రి పూట పడింది. లాంతరు పట్టుకుని తాతగారి వెంట నేనూ వెళ్ళాను. చెరువు నీళ్ళు పంచే నీరుగంటి పార భుజాన వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆయన చేతికి గడియారం లేదు. లాంతరు వెలుగులో నీటి మెరుపు మడి అవతలి గట్టును తాకిందా లేదా అని మాత్రమే చూశాడు. తాకగానే వంగి, రెండు పెళ్ళల మట్టి, కాస్త తడి గడ్డి కలిపి, మడిలోకి నీళ్ళు పారే మడవ మూసేశాడు. ఇంకాసేపు ఉండనిమ్మని తాతగారు అడిగితే, “సాలు సామీ, కింద మడోళ్లు కాసుకోనుండారు” అన్నాడు, తాతగారు మారు మాట్లాడలేదు. ఊరంతటికీ నీళ్ళు పంచే ఆ మనిషికి ఆ చెరువు కింద సెంటు భూమి లేదు. పంట చేతికొచ్చాక ప్రతి రైతూ కొలిచే మేర, అంటే ధాన్యమే, ఆయన జీతం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదన్న సామెత నిజమే కావచ్చు కాని, ఆ ఊళ్ళో వడ్డించేవాడు ఎవరివాడూ కాకపోవడం వల్లనే కడబంతి దాకా నీళ్ళు వెళ్ళాయని నా అనుమానం.

మీ వ్యాసానికి ‘వంతు’ చాలునని నాకనిపిస్తోంది.

మరొక సభ్యుని చేర్పు

పై వివరణ బాగుంది, కాని ‘వంతు’ ఒక్కటే చాలదని నా మనవి. నాది మెదక్ వైపు. మీరు నీరుగంటి అన్నవాణ్ణి మేము నీరటి అంటాం. మా దగ్గర వానాకాలం పంట ఆబీ, యాసంగి పంట తాబీ. తాబీకి ముందు చెరువులో మిగిలిన నీళ్ళు చూసి, ఈ ఏడు ఎన్ని ఎకరాలకు సరిపోతాయో తేల్చేదాన్ని ‘తైబందీ’ అంటారు. ప్రాజెక్టుల కింద ఏ తూముకు ఎంత ఆయకట్టు అని రాయవలసి వచ్చినప్పుడు అధికారులు కూడా ఇదే మాట వాడతారు. వరసలు నిర్ణయించే ‘వారబందీ’ దీని తరువాతి మెట్టు. అది ఉత్తరాది కాలువల నుంచి వచ్చిన మాట, అందులో ‘వార’ అంటే వంతే. అంటే వంతులు వేసుకునే ముందు, ఉన్నది ఎంతో ఊరు ఒప్పుకోవాలి. నీళ్ళు సగమే ఉంటే సగం ఆయకట్టు బీడు పడేది. ‘రేషన్’ అనే మాట పుట్టుకలో ఉన్న లెక్క మనకు తైబందీలో దొరుకుతుంది, వంతులో కాదు.

బోరుబావి వచ్చాక ఈ మాటే చెల్లకుండా పోయింది. చెరువు మట్టం అందరి కళ్ళకూ కనిపిస్తుంది. భూమి అడుగున ఎంత ఉందో ఎవరికీ కనిపించదు కాబట్టి ఎవరి బోరు లోతుగా ఉంటే వాళ్ళవే నీళ్ళు. బోరు వేయడానికి అనుమతి కావాలన్న వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం 2002లోనే వచ్చింది, దాన్ని పల్లెలు ఎంత పట్టించుకున్నాయో ఊళ్ళో ఉండేవారికి తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్దతుతో జరిగిన ఒక ప్రయత్నం నాకు ఇంతకంటే విలువైనదిగా తోస్తుంది. అక్కడ రైతులే బోర్లలో మట్టం కొలిచి, వాన లెక్క రాసి, ఊరి నీటి పద్దు వేసుకుని, దాన్ని బట్టి ఏ పంట వేయాలో ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. ఎవరి మీదా ఆంక్ష లేదు, వంతు లేదు. కనిపించని చెరువును మళ్ళీ కనిపించేలా చేయడం ఒక్కటే జరిగింది. దాన్ని తైబందీ అని వాళ్ళు అనలేదు గాని, అది తైబందీయే.

ఇంకొక చిక్కు. వంతు అంటే తిరిగి వచ్చేది. చెరువు మళ్ళీ నిండుతుంది కాబట్టే, ఈసారి కడపట ఉన్నవాడు ఓపిక పడతాడు. బొగ్గుకూ చమురుకూ రెండో విడత లేదు. వాటి విషయంలో ‘మన వంతు’ అనడం వరస లేని చోట వరస ఉందని చెప్పడమే అవుతుంది. అక్కడ పుట్టబోయేవారి వాటా అనే మాటే నిజాయితీ.

ప్రశ్న అడిగినవారు మళ్ళీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. కాని మీరు చెప్పిన లెక్కలన్నీ ఎకరాల మీద వేసినవి, నేను రాస్తున్నది మనిషి వాడకం గురించి. ఆ నీరుగంటికే సెంటు భూమి లేనప్పుడు, ఆయన వంతు ఏది?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మీరు వేలు పెట్టిన చోటే మాటలు తడబడతాయి. తైబందీ గురించిన దిద్దుబాటును కూడా ఒప్పుకుంటున్నాను. మహారాష్ట్రలో విలాస్‌రావ్ సాళుంఖే 1970లలో మొదలుపెట్టిన పానీ పంచాయతీ సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. అక్కడ నీటి హక్కు భూమికి కాదు, మనిషికి. తలకు అర ఎకరం తడిపేంత, కుటుంబానికి మొత్తం రెండున్నర ఎకరాలకు మించకుండా, భూమి లేనివారికి కూడా హక్కు. నీళ్ళు తాగేసే చెరకుకు చోటు లేదు.

ఇక్కడ తెలుగులో రెండు దగ్గరి మాటలను విడదీసి చూడాలి. ‘తలసరి’ సగటును చెబుతుంది. పట్టణాలకు తలసరి 135 లీటర్లు అని ప్రణాళికల్లో రాసుకున్నా, అది ఫలానా మనిషికి అన్ని లీటర్లు అందాయన్న హామీ కాదు. ఒకరికి 300, ఇంకొకరికి 40 వచ్చినా తలసరి చెక్కుచెదరదు. ‘తలా’ పంపకాన్ని చెబుతుంది. ‘తలా పిడికెడు’, ‘తలా ఒక చెయ్యి’ అన్నప్పుడు ఏ ఒక్క తలనూ వదిలిపెట్టడానికి వీల్లేదు. కరువులో చిక్కిన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల హద్దు పెట్టింది. అది తలసరి కాదు, తలా. అక్కడ కుళాయిలు కట్టేయవలసిన రోజు చివరికి రాలేదు.

మా అపార్ట్‌మెంటులో పోయిన ఎండాకాలం లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు: నీళ్ళు ఉదయం 6 నుంచి 8 వరకు. చూడటానికి అందరికీ ఒకే నియమం. పెద్ద డ్రమ్ములున్న వాళ్ళు రెండు గంటల్లో రెండు రోజులకు సరిపడా పట్టుకున్నారు. పైఅంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడకు సన్నని ధార వచ్చేసరికి ఏడున్నర అయ్యేది. వీధి చివర ట్యాంకరు దగ్గర మాత్రం ఇంటికి ఆరు బిందెలు అన్న లెక్క నడిచింది. అది మెరుగే, అయినా ఇద్దరున్న ఇంటికీ ఎనిమిది మంది ఉన్న ఇంటికీ ఆరే. గంటల లెక్క నుంచి బిందెల లెక్కకు, బిందెల లెక్క నుంచి తలల లెక్కకు రావడానికే మీరు రాస్తున్న వాదమంతా పడుతుంది. కొలిచి ఇవ్వక తప్పదా అని అడిగితే, ఇప్పటికే కొలుస్తున్నారనీ, కొలపాత్ర డ్రమ్ము సైజుదా మనిషిదా అన్నదే తేలవలసి ఉందనీ నా అభిప్రాయం.

‘తిలా పాపం తలా పిడికెడు’ అని మన వాళ్ళు అన్నది నేరాన్ని అందరికీ పంచి తేలిక చేసుకోవడం గురించి. మీ వ్యాసంలో దాన్ని వాడేటట్లయితే జాగ్రత్త, విమానాల్లో తిరిగేవాడికీ సైకిలు తొక్కేవాడికీ పిడికెడు పాపమే అన్న అర్థం వస్తుంది.

శీర్షికకు ‘తలా ఎంత?’ అని పెట్టి చూడండి. లోపల, ఉన్నది ఎంతో చెప్పే చోట తైబందీ అనీ, నిండేవాటి దగ్గర వంతు అనీ, నిండనివాటి దగ్గర వాటా అనీ రాయండి. ‘రేషన్’ను యుద్ధకాలపు ముచ్చట వచ్చే పేరాలో మాత్రం ఉంచండి. అమ్మగారు విని ఏమన్నారో ఇక్కడ తెలియజేస్తే సంతోషిస్తాను.