మంచుపెట్టెలో వచ్చిన చేపలోని పురుగుకు కొత్త జాతి పేరు పెట్టవచ్చునా?

కార్మైన్:
రాంనగర్ చేపల మార్కెట్‌లో కొన్న వంజరం, కనగర్తల పేగుల నుండి సేకరించిన ట్రెమటోడ్‌లనే చదునైన పరాన్నజీవి పురుగుల ఆధారంగా మా విద్యార్థి ఒకరు కొత్త జాతిని వర్ణిస్తున్నారు. జన్యు క్రమం జతచేయనిదే ఆ వ్యాసాన్ని ఎవరూ అంగీకరించరని మా సహోద్యోగి వాదన. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి జన్యు క్రమాన్ని ఎక్కడా అడగదు. అది కోరేది వర్ణన, 1999 తరువాతి పేర్లకైతే నామాధార నమూనాను (ఆ పేరుకు ఆధారంగా నిలిచే నమూనాను) స్పష్టంగా నిర్దేశించడం, దానిని ఏ సంగ్రహంలో భద్రపరుస్తారో ప్రకటించడం. జపాన్ పరాన్నజీవి శాస్త్రవేత్త సత్యు యమగుటి వంటివారు సూక్ష్మదర్శినితో, చేతితో గీసిన చిత్రాలతో వర్ణించిన జాతులెన్నో నేటికీ చెల్లుబాటు అవుతూనే ఉన్నాయి. అటువంటప్పుడు ప్రయోగశాలకు డబ్బు కట్టలేని విద్యార్థిపై ఈ షరతు విధించడం న్యాయమేనా?

ఉప్పునీరు:
కార్మైన్ గారూ, జన్యు క్రమం తప్పనిసరి కాదన్న మాటతో నేను ఏకీభవిస్తాను, కాని మీ విద్యార్థి వ్యాసాన్ని మాత్రం సమర్థించలేను. తీరం నుండి లారీలో మంచు మధ్య నగరానికి చేరిన చేప పేగులో దొరికే పురుగు అప్పటికే చనిపోయి, మెత్తబడి ఉంటుంది. ట్రెమటోడ్‌లలోని స్టెఫనోస్టోమమ్ ప్రజాతినే తీసుకోండి. అందులో నోటి చూషకం (అంటిపెట్టుకునే అవయవం) చుట్టూ రెండు వరుసలుగా ఉండే ముళ్ల సంఖ్య జాతి నిర్ణయానికి ముఖ్యమైన ఆధారం. చచ్చిన పురుగులో ఆ ముళ్లు రాలిపోతాయి. రాలిన ముళ్లను లెక్కించకుండా "ముళ్లు తక్కువ" అని వ్రాస్తే, సముద్రంలో లేని జాతి ఒకటి కాగితం మీద పుడుతుంది.

హెమియురిడే అనే మరో ట్రెమటోడ్ కుటుంబంలో చిక్కు మరొక రకంగా ఉంటుంది. అక్కడ ఎక్సోమా అనే వెనుక భాగం టెలిస్కోపు గొట్టంలా శరీరంలోకి ముడుచుకుపోగలదు కనుక, ముడుచుకున్న నమూనాను, చాచుకున్న నమూనాను విడివిడిగా కొలిచినవారు వాటిని రెండు జాతులుగా భ్రమించే అవకాశం ఉంది. వీటన్నింటికీ తోడు మన ప్రయోగశాలల్లో తరతరాలుగా వస్తున్న అలవాటు ఒకటి ఉన్నది: పురుగును రెండు గాజు పలకల మధ్య పెట్టి, దారంతో బిగించి, ఫార్మలిన్‌లో ముంచడం. ఆ ఒత్తిడికి శరీరం వెడల్పవుతుంది, వృషణాలు పక్కకు జరుగుతాయి, ఆ తరువాత మనం అవే కొలతలను దశాంశ స్థానాలతో సహా ప్రచురిస్తాము. (ఆ దశాంశాలను చూసినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది.) తాజా చేప పేగును ఉప్పు ద్రావణంలో చీల్చి, జాడించి, అడుగున చేరిన పురుగులను సజీవంగా ఏరి, మరగడానికి సిద్ధంగా ఉన్న ద్రావణంలో ఒక్కసారిగా వేస్తే అవి సహజాకృతిలో సాగి స్థిరపడతాయి. దీనికి కావలసింది డబ్బు కాదు, తీరంలో వల లాగే వేళకు అక్కడ ఉండడం.

మొప్ప:
ఉప్పునీరు గారి మాట ట్రెమటోడ్‌లకు వర్తిస్తుంది, మోనోజీనియన్‌లకు (మరో రకం చదునైన పరాన్నజీవి పురుగులకు) అంతగా వర్తించదని నా అభిప్రాయం. మొప్పల మీద ఉండే వీటి కొంకెలు, బిగింపులు గట్టి భాగాలు కావడం వలన శరీరం పాడైనా అవి నిలుస్తాయి, పైగా కొంకెలను సరిగా చూడాలంటే కొంత నొక్కక తప్పదు. కాబట్టి మార్కెట్ చేపను మొత్తంగా వెలివేయడం తొందరపాటు.

కార్మైన్:
మొప్ప గారి సవరణ సబబుగా ఉన్నది. అయినా నాకొక సందేహం మిగిలింది. ఆకృతి ఇంత మోసం చేస్తుందని ఒప్పుకుంటే, చివరకు జన్యు క్రమమే శరణ్యమని మీరే అన్నట్లు కాదా? పరాన్నజీవి శాస్త్రవేత్త లా రూ 1957లో డింభక (పిల్లదశ) విసర్జకాశయపు గోడ ఆధారంగా ట్రెమటోడ్‌లలోని డైజీనియా సమూహాన్ని రెండు పెద్ద సమూహాలుగా విభజించారు. 2003లో రైబోసోమ్ జన్యువుల విశ్లేషణ దానిని పక్కకు నెట్టి, డిప్లోస్టోమిడా, ప్లాజియోర్కిడా అనే రెండు వర్గీకరణ క్రమాలను (ఆర్డర్లను) నిలబెట్టింది. ఇక మోనోజీనియా ఒకే విభాగం కాదని, మోనోపిస్థోకాటిలా, పాలిఓపిస్థోకాటిలా అనే రెండు వేర్వేరు విభాగాలుగా చూడాలని 2023లో ప్రతిపాదన కూడా వచ్చింది.

ఉప్పునీరు:
ఆర్డర్లు, విభాగాల స్థాయిలో జన్యు సాక్ష్యానిదే పైచేయి, దానిని ఎవరూ కాదనరు. చేపల రక్తనాళాల్లో ఉండే అపోరోకాటిలిడే కుటుంబం మనుషుల్లో వ్యాధి కలిగించే షిస్టోసోమ్‌లకు దగ్గరి బంధువన్న మాట ఆ సాక్ష్యంతోనే బలపడింది. నత్తలో దొరికిన సెర్కేరియా (ట్రెమటోడ్ డింభకం) ఏ చేపలోని పురుగుగా ఎదుగుతుందో తేల్చడంలోనూ దానికి సాటి లేదు. అయితే జాతి పేరు నిలబడేది నమూనా మీద. ఏ పురుగు నుండి తీశారో తెలియని జన్యు క్రమం డేటాబేస్‌లో చేరితే, చెడ్డ వర్ణన కంటే ఎక్కువ కాలం ఇతరులను తప్పుదారి పట్టిస్తుంది. అందువలన తగినంత పెద్ద పురుగు దొరికితే దాని నుండి చిన్న ముక్క కోసి ఆల్కహాల్‌లో ఉంచి, మిగిలిన శరీరానికి కార్మైన్ అనే ఎర్ర రంగు వేసి స్లైడ్‌గా భద్రపరచమని మీ విద్యార్థికి చెప్పండి. ఈరోజు డబ్బు లేకపోయినా ఆ ముక్క ఉంటుంది, నాలుగేళ్ల తరువాత ఇంకెవరైనా క్రమం చదువుకోవచ్చు. ఫార్మలిన్‌లో వేస్తే ఆ దారి దాదాపుగా మూసుకుపోతుంది.

ఇక స్లైడ్‌ను విభాగం బీరువాలో పెట్టి "రచయిత వద్ద ఉన్నది" అని వ్రాయవద్దు. కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ సంగ్రహానికి పంపి, అక్కడి నమోదు సంఖ్యను వ్యాసంలో ఇవ్వండి. ఈసారి విశాఖ రేవుకు వెళ్లే రైలు టికెట్టు ఖర్చు మాత్రం మీ విద్యార్థి పెట్టుకోక తప్పదు.